జవానుకూ రైతుకూ సమపీట వేసిన శాస్త్రీజీ

1904 అక్టోబరు 2న కాశీకి చేరువలోని మొగల్‌సరాయిలో లాల్ బహదూర్ జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి మాతామహుల ఇంట పెరిగారు. 1925లో కాశీ విద్యాపీఠం ఇచ్చిన శాస్త్రి పట్టమే ఆయన పేరులో శాశ్వతంగా నిలిచిపోయింది. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు కారాగారవాసం అనుభవించారు.

ఆయన రైల్వే మంత్రిగా ఉండగా 1956లో మహబూబ్‌నగర్ వద్ద ఘోర ప్రమాదం జరిగింది. నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరు వద్ద మరో రైలు పడిపోయినప్పుడు పట్టుబట్టి పదవి విడిచిపెట్టారు.

నెహ్రూ ప్రభుత్వం దేశరక్షణకు దౌత్యాన్నే ప్రధానాధారంగా భావించింది. అలీన విధానం, 1954లో చైనాతో కుదిరిన పంచశీల ఒప్పందం ఆ విశ్వాస ఫలితాలే. కొత్తగా స్వతంత్రమైన పేద దేశం ఆయుధాలకన్నా ఆనకట్టలకూ కర్మాగారాలకూ ధనం వెచ్చించడం సమంజసమే. కాని 1962లో చైనా దాడి జరిగినప్పుడు మంచుకొండలపై మన సైనికులకు తగిన ఉన్ని దుస్తులు సైతం లేకపోయాయి. ఆ పరాభవానంతరమే నెహ్రూ సైన్య విస్తరణకు పూనుకొని, రక్షణ శాఖను వై.బి. చవాన్‌కు అప్పగించారు.

1964 జూన్ 9న శాస్త్రీజీ ప్రధాని అయ్యారు. అక్టోబరులో చైనా అణుబాంబును పరీక్షించింది. 1965 జనవరిలో హిందీ అధికార భాష విషయమై మద్రాసు రాష్ట్రం భగ్గుమన్నది. కాల్పులలో పలువురు మరణించారు. ఇద్దరు కేంద్ర మంత్రులు రాజీనామాకు సిద్ధపడ్డారు. హిందీయేతర రాష్ట్రాలు కోరినంతకాలం ఆంగ్లం కొనసాగుతుందని శాస్త్రీజీ ఆకాశవాణి ద్వారా హామీ ఇచ్చిన తరువాతనే ఆ మంట చల్లారింది. ఇంటిలోని వారి మనసు గెలవడం కూడా దేశభద్రతయే అని రెండు భాషల నడుమ బ్రతికే మన గ్రామాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఆగస్టులో పాకిస్తాన్ చొరబాటుదారులను కాశ్మీరులోకి పంపింది. సెప్టెంబరు 1న ఛంబ్‌పై టాంకులతో దాడి చేసింది. శాస్త్రీజీ అనుమతితో సెప్టెంబరు 6న మన సేనలు లాహోరు దిశగా అంతర్జాతీయ సరిహద్దు దాటాయి. అంతవరకు పాకిస్తాన్ సరిహద్దును ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసులే కాపాడేవారు. కచ్ ఘర్షణలో ఆ లోపం బయటపడినందున 1965 డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళం ఏర్పడింది.

అప్పట్లో మన అన్నం అమెరికా గోధుమలపై ఆధారపడి ఉండేది. పరుల గింజలు తినే దేశం స్వేచ్ఛగా నిర్ణయాలు తీసుకోలేదని ఆయన గ్రహించారు. 1965 జనవరిలో మద్రాసు కేంద్రంగా భారత ఆహార సంస్థ స్థాపితమైంది. వారానికొక పూట భోజనం మానవలసిందిగా ప్రజలను కోరేముందు ఆ నియమాన్ని తమ ఇంటిలోనే పాటించి చూశారు. సైనికునికీ రైతుకూ కలిపి జేజేలు పలికిన ఆయన నినాదం ఈ ఆలోచన నుండే పుట్టింది.

1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందంపై సంతకం చేశారు. సైనికులు రక్తం ధారపోసి గెలిచిన హాజీపీర్ కనుమను తిరిగి ఇవ్వవలసివచ్చింది. ఆ నిర్ణయం నేటికీ విమర్శకు గురవుతున్నది. ఆ రాత్రి గడవకముందే, 11వ తేదీ తొలిజామున, ఆయన గుండె ఆగిపోయింది.

తరువాత వచ్చిన ఇందిరాగాంధీ ప్రభుత్వం 1968లో విదేశీ గూఢచర్యానికి ప్రత్యేక సంస్థను నెలకొల్పి, 1971లో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకొని, 1974లో పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిపింది. ముగ్గురిదీ ఒకే పక్షం, మార్గాలు మాత్రం వేరు. నెహ్రూ స్నేహాన్ని నమ్మారు, ఇందిర బలాన్ని కూడబెట్టారు. ఆ రెంటి నడుమ పందొమ్మిది నెలలు పాలించిన శాస్త్రీజీ పొలాన్నీ, భాషనూ, సరిహద్దునూ ఒకే కంచెలో చేర్చి కాపాడజూశారు. మన పిల్లలకు చెప్పదగిన పాఠమిది.