యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ వైద్యశాలలలో ఇచ్చు ఇనుప ధాతువు మాత్రలయందు ఫోలిక్ ఆమ్లము కూడ కలసియుండును. ఆ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించిన పరిశోధక బృందమునకు నాయకుడు మన ఆంధ్రుడే. ఆ మహనీయుని చరిత్రము విద్యార్థులకును, వారిని పోషింపగల ధనవంతులకును తెలియదగినది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థులైరి. అన్నగారగు పురుషోత్తముగారిని సంగ్రహణి వ్యాధి బలిగొనెను. ఆ దుఃఖము వారి హృదయమున నాటుకొనెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుకాలమున గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రవైద్యాచార్యునకు అది రుచింపలేదు. తత్ఫలితముగ ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. పిమ్మట ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రమును బోధించిరి.

అమెరికాకు పోవ సంకల్పము కలదు గాని ధనము లేదు. మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు చేయూతనొసగగా, భార్యయగు శేషగిరిగారిని స్వదేశమున విడిచి బోస్టన్ చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ పండితునితో కూడి, 1925లో దేహద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1929లో ప్రాణికోటికి శక్తినొసగు ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. 1930లో డాక్టరు పట్టము నందిరి.

1940లో లెడర్లీ ఔషధశాలను చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును నిర్మించెను. అది పాండురోగములలో ఒకదానికిని, అన్నగారిని హరించిన ఆ సంగ్రహణికిని ఔషధమయ్యెను. గోదావరీ మండలములను బాధించు బోదకాలు వ్యాధికి మూలమగు క్రిములను చంపు మందు 1947లో వచ్చెను. శిశువుల రక్తపు క్యాన్సరును కొంతకాలమైనను అణచిన మొదటి మందు అమినోప్టెరిన్ సయితము వారి బృందము కూర్చినదే.

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, తమ 53వ యేట, న్యూయార్కు ప్రాంతమున దివంగతులైరి. స్వదేశమునకు మరల రాలేదు. భార్యను మరల చూడలేదు. భారత ప్రభుత్వము 1995లో వారి శతజయంతికి తపాలాబిళ్ల వెలువరించినది.

పోషక మహాశయులారా! రెండుమార్లు పరీక్ష తప్పిన బాలుని విద్యకు అనర్హుడని త్రోసిపుచ్చియుండినచో లోకమునకు ఎంత నష్టము వాటిల్లియుండెడిదో యోచింపుడు. కాకినాడ ధర్మసంస్థవారు ధనమిచ్చునాటికి ఆ విద్యార్థి పేరు ఎవరెరుగుదురు? మన మూడు పట్టణములలోను, వాని చుట్టుపట్ల గ్రామములలోను, రుసుము చెల్లింపలేక చదువు మానుకొను బాలబాలికలు కలరు. మార్కులను మాత్రమే చూడక, పట్టుదలను గూడ చూచి వారి నాదుకొనుడు. విద్యానిధికి మీరొసగు ద్రవ్యము ఏ గృహమున ఏ ప్రాణమును నిలుపునో ముందుగ నెరుగజాలము. ఇచ్చుట మాత్రము మన వశమున నున్నది.