తన జబ్బును దాచుకోని మనిషి క్లిఫర్డ్ బీర్స్

1898లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణం నుంచి ఇరవై రెండేళ్ళ యువకుడొకరు ఉద్యోగం కోసం న్యూయార్క్ వెళ్ళారు. జీవిత బీమా ఆఫీసులో గుమాస్తా పని. యేల్ యూనివర్సిటీలో చదివిన మనిషి, చురుకైనవాడు, నలుగురితో కలిసిపోయేవాడు. రెండేళ్ళు గడిచేసరికి ఇక పని చేయలేని స్థితిలో ఇంటికి తిరిగొచ్చారు. ఆయనను లోపల తినేస్తున్నది ఏమిటో ఇంట్లోవాళ్ళకు కూడా సరిగా తెలియదు.

ఆయన పేరు క్లిఫర్డ్ బీర్స్. మానసిక రోగుల కోసం మామూలు జనం, డాక్టర్లు కలిసి నడిపే స్వచ్ఛంద సంఘాలకు అమెరికాలో పునాది వేసింది ఆయనే. డాక్టర్ కాదు, డబ్బున్నవాడూ కాదు. మూడేళ్ళు పిచ్చాసుపత్రుల్లో గడిపి వచ్చిన రోగి.

ఆయన కథ మీకెందుకు చెబుతున్నామంటే, మన క్యాంపుల్లో ఒంటి జబ్బు వస్తే చెప్పుకుంటారు, మనసు జబ్బు వస్తే చెప్పుకోరు. కంపెనీకి తెలిస్తే టికెట్ కొట్టి పంపించేస్తారని భయం. ఊళ్ళో తెలిస్తే ఇంట్లో పెళ్ళి సంబంధాలు ఆగిపోతాయని భయం. ఎర్రగడ్డ అనే పేరును మనం తిట్టుగా వాడుకుంటూ పెరిగిన వాళ్ళం కదా, ఆ మాట తన మీద పడుతుందంటే ఎవరికైనా గుండె ఆగినట్లే ఉంటుంది. బీర్స్ కూడా సరిగ్గా అలాగే భయపడ్డారు.

1876 మార్చి 30న పుట్టారు. ఆయనకు పద్దెనిమిదేళ్ళప్పుడు అన్నకు ఫిట్స్ మొదలయ్యాయి. అదే జబ్బు తనకూ వస్తుందని ఆయన మనసులో నాటుకుపోయింది. అన్నకు ఫిట్స్ వస్తే తమ్ముడికి రావాలని ఏమీ లేదు, కానీ భయానికి లెక్కలు చెబితే వింటుందా? క్లాసులో లేచి పాఠం అప్పజెప్పాలంటే, అందరి ముందూ ఎక్కడ పడిపోతానోనని వణికేవారు. చివరకు ప్రొఫెసర్లకు చెప్పుకుంటే, వాళ్ళు ఆ పని నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ చిన్న సాయంతోనే 1897లో డిగ్రీ పూర్తి చేశారు. న్యూయార్క్ వెళ్ళాక అలా చెప్పుకునే మనుషులు లేకపోయారు.

1900 జూన్ 23న బీర్స్ ఇంటి కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకోబోయారు. కాళ్ళ ఎముకలు విరిగాయి, ప్రాణం నిలిచింది. ఇంకో పదకొండు రోజులకు, జులై 4న, ఫిట్స్ ఉన్న ఆ అన్న చనిపోయారు. ఒకే ఇంట్లో పక్షం రోజుల్లో రెండు దెబ్బలు.

ఆసుపత్రిలో కిటికీకి ఇనుప ఊచలు కనబడగానే ఆయన దాన్ని జైలనుకున్నారు. చావబోవడం నేరం కాబట్టి పోలీసులు తన కోసం కాపు కాస్తున్నారని నమ్మారు. చూడడానికి వచ్చే అమ్మానాన్నలు, అన్న జార్జ్ అసలువాళ్ళు కారని, వాళ్ళ వేషంలో వచ్చిన డిటెక్టివ్‌లని అనుకున్నారు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు దొంగ ఉత్తరాలన్నారు. మాట్లాడితే ఆ మాటే సాక్ష్యమైపోతుందని దాదాపు రెండేళ్ళు నోరు కట్టేసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ రూమ్‌లో ఎవరైనా ఇంటి ఫోన్ ఎత్తడం మానేశాడా? ఎత్తినా అది మా వాళ్ళ గొంతు కాదంటున్నాడా? అన్నంలో ఏదో కలిపారని తినకుండా ఉన్నాడా? డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నాడని సూపర్‌వైజర్‌కు చెప్పకండి. అది జబ్బు, మందుంది. అతన్ని ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి. నేరం సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం భావిస్తుంది. అతనికి వైద్యం, సాయం అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. మీరున్న దేశంలో చట్టం వేరుగా ఉండొచ్చు, అందుకే పరిస్థితి అక్కడిదాకా రాకముందే కదలాలి.

బీర్స్ కథలో మలుపు 1902 ఆగస్టులో వచ్చింది. తెచ్చింది డాక్టర్ కాదు, పక్క రోగి. ఆ ఆసుపత్రిలో బీర్స్ కొద్దికొద్దిగా మాట్లాడింది ఒక తోటి రోగితోనే. నిన్ను చూడడానికి వచ్చేది నీ సొంత అన్నే అని ఆయన చెబితే బీర్స్ ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు ఆ రోగి విసుక్కోలేదు, నవ్వలేదు. ఆయనకు బయటకు వెళ్ళే అనుమతి ఉంది. ఊళ్ళోవాళ్ళ పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకం చూసి, జార్జ్ అసలు చిరునామా పట్టుకొచ్చారు. ఆ చిరునామాకు బీర్స్ ఉత్తరం రాశారు. ఇరవై ఆరు నెలల్లో మొదటి ఉత్తరం. అందులో పెట్టిన షరతు ఏమిటంటే, నువ్వు నిజంగా నా అన్నవైతే ఈ ఉత్తరాన్నే చేతిలో పట్టుకుని రావాలి. పోలీసుల మనిషి వస్తే అతని దగ్గర ఈ ఉత్తరం ఉండదు కదా అని ఆయన లెక్క.

పిచ్చి అని మనం అనేదానిలో కూడా ఎంత తర్కం ఉంటుందో చూడండి. మామూలు మనిషి పాస్‌పోర్ట్ చూపించమన్నట్లే కదా ఇది.

ఆగస్టు 30న జార్జ్ వచ్చారు. జేబులోంచి తీసి ఉత్తరం చూపించారు. 798 రోజులుగా మూసుకుపోయిన మనసులో ఆ అనుమానాలన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. ఆ లెక్క బీర్స్ స్వయంగా వేసుకున్నదే. మాట్లాడని తమ్ముడి దగ్గరకు అన్నాళ్ళూ విసుగు లేకుండా వచ్చిపోయిన ఆ అన్న లేకపోతే ఈ కథే లేదు.

అయితే జబ్బు అంతటితో పోలేదు, రెండో వైపుకు తిరిగింది. మౌనం పోయి పట్టలేని ఉత్సాహం వచ్చింది. నిద్ర లేదు, మాటలు ఆగవు. చుట్టే కాగితాలను పొడుగ్గా చీల్చి, అతికించి మూరల కొద్దీ ఉత్తరాలు రాసేవారు. ఆసుపత్రుల్ని బాగుచేసేది తానేనని నిర్ణయించేసుకున్నారు. లోపల ఏం జరుగుతోందో చూడాలని కావాలనే గొడవ చేసి, గట్టి రోగుల వార్డులో పడ్డారు. చూశారు కూడా. చేతులు కదలకుండా బిగించి కట్టే చొక్కా తొడిగి రాత్రంతా వదిలేశారు. చలికాలంలో సరైన బట్టలు లేకుండా గదిలో పెట్టారు. కొట్టారు. ఆయన మొత్తం మూడు ఆసుపత్రుల్లో ఉన్నారు: రెండు ప్రైవేటువి, ఒకటి మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి. ఎక్కువ ఫీజు కట్టిన చోట కూడా దెబ్బలు తప్పలేదు.

ఆయనలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కొట్టిన వార్డు సిబ్బందిని ఆయన కేవలం రాక్షసులుగా చూపించలేదు. తక్కువ జీతం, ఎక్కువ గంటలు, ఏ శిక్షణా లేని మనుషులకు రోగుల్ని అప్పజెబితే ఇంకేమవుతుందని అడిగారు. పని మనిషిని ఎలా మారుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 1903లో ఆసుపత్రి లోపలి నుంచే రహస్యంగా రాష్ట్ర గవర్నర్‌కు పెద్ద ఉత్తరం పంపారు. గవర్నర్ దాన్ని చెత్తబుట్టలో వేయలేదు, పట్టించుకున్నారు.

1903 సెప్టెంబర్‌లో విడుదలై మళ్ళీ ఉద్యోగంలో చేరారు. ఊళ్ళు తిరిగే పని, అది కూడా బాగా చేశారు. 1904 చివర్లో ఆ పాత ఉత్సాహం మళ్ళీ తలెత్తింది. ఈసారి తేడా ఏమిటంటే, 1905 జనవరిలో తన ఇష్టంతోనే ఆసుపత్రికి వెళ్ళి చేరారు. కొన్ని వారాలుండి బయటకొచ్చి పని చూసుకున్నారు. బీపీ పెరిగితే డాక్టర్ దగ్గరకు వెళ్ళొచ్చినట్లు.

తరువాత తన అనుభవమంతా పుస్తకంగా రాశారు. తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ దాన్ని చదివి మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం పుస్తకం ముందు అచ్చయింది. 1908 మార్చిలో పుస్తకం వచ్చింది. ఆసుపత్రుల పేర్లు రాయలేదు గానీ, తన పేరు మాత్రం దాచలేదు. ఆ రోజుల్లో అది ఉద్యోగం, పెళ్ళి, పరువు అన్నీ పణంగా పెట్టడమే. ఆసుపత్రుల పేర్లు వదిలేయడం కూడా తెలివైన పనే అనిపిస్తుంది. పేర్లు రాసుంటే నలుగురిని తిట్టి ఊరుకునేవాళ్ళు. రాయకపోవడంతో అన్ని ఆసుపత్రులూ తమ వైపు చూసుకోవలసి వచ్చింది.

పుస్తకం వచ్చిన రెండు నెలలకే, మే 6న, న్యూ హేవెన్‌లో మరో పదమూడు మందితో కలిసి కనెక్టికట్ రాష్ట్ర సంఘం పెట్టారు. 1909 ఫిబ్రవరి 19న న్యూయార్క్‌లో జాతీయ కమిటీ ఏర్పడింది. రెంటికీ బీర్స్ అధ్యక్షుడు కాలేదు, కార్యదర్శిగానే ఉన్నారు. పెద్ద డాక్టర్లు, ప్రొఫెసర్లు ముందు వరసలో, ఉత్తరాలు రాయడం, మనుషుల్ని కలవడం, చందాలు అడగడం ఈయన వంతు. ఊళ్ళో సంఘం నడిపిన వాళ్ళకు తెలుసు, అసలు బరువంతా కార్యదర్శి మీదే ఉంటుంది. మొదటి ఏళ్ళలో డబ్బు లేదు. బీర్స్ అప్పులు చేసి పని నడిపారు. విలియం జేమ్స్ విరాళమిచ్చారు. తరువాత హెన్రీ ఫిప్స్ అనే ఉక్కు వ్యాపారి 50,000 డాలర్లు ఇవ్వడంతో ఊపిరి ఆడింది.

ఆ డబ్బుతో చేసిన మొదటి పెద్ద పని లెక్క తీయడం. ఏ రాష్ట్రంలో ఎంతమంది మానసిక రోగులు ఆసుపత్రికి బదులు జైళ్ళలో, అనాథ శరణాలయాల్లాంటి చోట్ల పడి ఉన్నారో సర్వేలు చేయించి, ఆ కాగితాలు ప్రభుత్వాల ముందు పెట్టారు. ఆ పనికి వచ్చిన డాక్టర్ థామస్ శాల్మన్ అంతకుముందు న్యూయార్క్ ఓడరేవు దగ్గర ఎల్లిస్ ద్వీపంలో వలస వచ్చేవాళ్ళను పరీక్షించే డాక్టర్. మన గల్ఫ్ మెడికల్ లాంటిదే అది, తేడా ఏమిటంటే ఓడ దిగాక జరిగేది. మనసు బాగోలేని వలస జనానికి అక్కడ సరైన వసతి కావాలని ఆయన పోరాడారు. 1913లో న్యూ హేవెన్‌లో, ఆసుపత్రిలో చేరకుండానే వచ్చి చూపించుకుని పోయే క్లినిక్‌ను బీర్స్ తెరిపించారు. అమెరికాలో అలాంటి మొదటి క్లినిక్‌లలో అదొకటి. ఆయన పేరుతోనే ఆ సంస్థ ఇప్పటికీ పిల్లలకు, కుటుంబాలకు వైద్యం చేస్తోంది.

అన్నీ మంచి మాటలే చెబితే అబద్ధమవుతుంది. బీర్స్ తొందర మనిషి, పెద్ద పెద్ద పథకాలు వేసేవారు. ఉద్యమానికి పేరు సూచించిన డాక్టర్ అడాల్ఫ్ మేయర్, ముందు ఒక్కచోట నెమ్మదిగా చేద్దామన్నారు. ఇద్దరికీ పడక మేయర్ తప్పుకున్నారు. అంతకంటే పెద్ద మచ్చ ఇంకొకటి. మానసిక రోగులకు సంతానం కలగకుండా చేయాలన్నవాళ్ళు, వలస వచ్చేవాళ్ళను ఇంకా గట్టిగా వడబోసి వెనక్కు పంపాలన్నవాళ్ళు ఆ ఉద్యమంలోనే ఉన్నారు. రోగి హక్కు కోసం పుట్టిన సంఘంలో ఆ మాటలు ఎలా చెల్లాయో అని బాధేస్తుంది. బీర్స్ సొంత జీవితం మీద కూడా ఆ భయం నీడ పడింది. 1912లో క్లారా జెప్సన్‌ను పెళ్ళి చేసుకున్నారు గానీ, జబ్బు పిల్లలకు వస్తుందేమోనని సంతానం వద్దనుకున్నారు.

1930 మేలో వాషింగ్టన్‌లో మొదటి అంతర్జాతీయ మానసిక ఆరోగ్య మహాసభ జరిగింది. 41 దేశాల నుంచి మూడు వేల మందికి పైగా వచ్చారు. దాన్ని నడిపించిన ప్రధాన కార్యదర్శి, ముప్ఫై ఏళ్ళ కిందట సొంత అన్ననే గుర్తుపట్టని మనిషి.

1939లో జబ్బు మళ్ళీ పెరిగింది. ప్రావిడెన్స్ నగరంలోని బట్లర్ ఆసుపత్రిలో చేరారు. 1943 జులై 9న అక్కడే కన్నుమూశారు. ఆయన పెట్టిన జాతీయ సంఘం తరువాత మరికొన్ని సంస్థలతో కలిసి, ఇప్పుడు మెంటల్ హెల్త్ అమెరికా పేరుతో నడుస్తోంది. 1953లో ఆ సంఘంవాళ్ళు పాత పిచ్చాసుపత్రుల్లో రోగుల్ని కట్టేసిన గొలుసుల్ని, సంకెళ్ళను పోగుచేసి, బాల్టిమోర్‌లో కరిగించి గంట పోత పోయించారు. బరువు 300 పౌండ్లు, అంటే దాదాపు 136 కిలోలు.

ఊళ్ళో ఉన్న మీ ఇంటివాళ్ళకు ఈ నంబర్ రాసి పంపండి: 14416. భారత ప్రభుత్వ టెలిమానస్ సేవ, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకో నంబర్ 1800 891 4416. వీటిని ఇండియా ఫోన్ నుంచే చేయాలి, కాబట్టి మీ గురించి ఇంటివాళ్ళు అడిగినా ఫర్వాలేదు, రూమ్మేట్ గురించి వాళ్ళ ఇంటివాళ్ళు అడిగినా ఫర్వాలేదు. ప్రాణానికే ప్రమాదమనిపిస్తే మాత్రం ఫోన్ల కోసం ఆగకండి, మీరున్న దేశంలోని దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెంటనే తీసుకెళ్ళండి.