అమృతాంజనము నుండి ఆంధ్ర గ్రంథమాల వరకు: దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము



భక్తమహాశయులారా! ఆలయ జీర్ణోద్ధరణకు ధనమును, ధాన్యమును, శ్రమను సమర్పించిన దాతలారా!

ఇట్టి సంచికలలో స్థలపురాణములను, దేవతామహిమలను చదువుట మీకు పరిపాటి. ఈ పుటలలో ఒక ఔషధ తయారీదారుని చరిత్రను మీకు విన్నవించుచున్నాను. ఆయన మఠాధిపతి కారు, పీఠాధిపతి కారు. మందు తయారుచేసి అమ్మిన వ్యాపారి. అయినను ఆర్జించిన ధనమును ఎట్లు వినియోగింపవలెనని ఆలోచించు ప్రతి గృహస్థుడును తెలిసికొనదగిన జీవితము ఆయనది. మీ ఇంట తలగడ ప్రక్కన, పూజగది గూటిలో, ప్రయాణపు సంచిలో ఉండు అమృతాంజనము సీసాయే ఆయనకు మొదటి పరిచయపత్రము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా పామర్రు సమీపమునగల ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. నేడు పరిపాలన కొరకు మన జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాలోను, ఎలకుర్రు కృష్ణా జిల్లాలోను ఉన్నవి గాని, 2022 వరకు రెండును ఒకే జిల్లా గ్రామములు. మనది మెట్ట, మామిడితోటల సీమ. వారిది డెల్టా, వరిపొలముల సీమ. ఆ బాలుడు స్వగ్రామమునను, బందరునను విద్యనభ్యసించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రుడయ్యెను. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి రచనలు, వారి వివేకవర్ధని పత్రిక ఆయన మనస్సును ఆకర్షించినవి. పత్రిక అనునది ఒక జాతిని మేల్కొలుపగలదను విశ్వాసమునకు బీజము అప్పుడే పడినది.

ఆ కాలమున బి.ఏ. పట్టా చేతబట్టిన బ్రాహ్మణ యువకునకు దొరతనమువారి కొలువు సిద్ధముగ ఉండెడిది. బంధువులు కోరునదియు అదియే. నాగేశ్వరరావుగారు ఆ త్రోవను విడిచి వ్యాపారమును చేపట్టిరి. మొదట మద్రాసు, పిదప కలకత్తా, ఆ మీదట బొంబాయి. అక్కడ కొంతకాలము ఉద్యోగము చేసినను మనస్సు స్వతంత్ర వృత్తి మీదనే నిలిచినది. తుదకు 1893లో, ఇరువదియారేండ్ల వయస్సున, బొంబాయి నగరమున అమృతాంజనమును స్థాపించిరి.

ఇచ్చట వేదాధ్యయనము చేసినవారికి ఒక సందేహము కలుగక మానదు. స్మృతులు బ్రాహ్మణునకు వాణిజ్యమును ఆపత్కాలమున మాత్రమే అంగీకరించినవి. అందునను సుగంధద్రవ్యములు, రసపదార్థములు మొదలైనవానిని అమ్మరాదని నిషేధించినవి. అట్లయిన తైలములు, కర్పూరము కలిపి అమ్మిన ఈ మహనీయుని మనమెట్లు శ్లాఘింతుము? ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టుట న్యాయము కాదు. సమాధానము ఆయన జీవితమే చెప్పవలెను గనుక, మొదట ఆ ఔషధమును, ఆ పిమ్మట దాని ఫలమును పరిశీలింతము.

నేడు ఆ లేపనపు సీసాపై కనుపించు ద్రవ్యములలో కర్పూరము, పుదీనా జాతి మొక్కల నుండి తీయు మెంథాలు, నీలగిరి తైలము, వింటర్‌గ్రీన్ అనబడు గంధపూర తైలము ముఖ్యమైనవి. వీనిలో ఏ ఒక్కటియు మానవుడు క్రొత్తగ సృజించినది కాదు. కర్పూరమును మనము నిత్యము హారతికి వాడుచునే యున్నాము. అయితే వీనిని ఒకచోట నిలుపుట సులభము కాదు. కర్పూరమును, మెంథాలును విడివిడిగ గట్టి పదార్థములు. రెండింటిని కలిపి నూరినచో కరగి ద్రవమగును. తెరచియుంచినచో గాలిలో కలసిపోవును. ఇట్టి చంచల ద్రవ్యములను మైనము వంటి ఆధారమున బంధించి, వేసవియెండలో కారిపోక, చలికాలమున రాయి వలె బిగియక, వేలితో తీసినంతనే వచ్చునట్లు చేయవలెను. ఒక సీసా ఎట్లున్నదో వేయి సీసాలును అట్లే ఉండవలెను. తయారీదారుని విద్య అంతయు ఇందే కలదు.

అది పనిచేయు తీరును కూడ తెలిసికొనుడు. మెంథాలు చర్మమునందలి చల్లదనమును గ్రహించు నాడులను మేల్కొలుపును. చర్మము నిజముగ చల్లబడకున్నను చల్లబడినట్లు తోచి, నొప్పి వెనుకకు తగ్గును. గంధపూర తైలమునందలి సారము ఆస్పిరిన్ మాత్రకు రసాయన కుటుంబమున దగ్గరి చుట్టము. నీలగిరి తైలపు ఆవిరి ముక్కుదిబ్బడకు ఉపశమనము నిచ్చును. రోగమును సమూలముగ హరించు మందు ఇది కాదు. తలనొప్పి, ఒళ్లునొప్పుల బాధను తాత్కాలికముగ తగ్గించు పైపూత. చేసిన మేలు అంతమాత్రమే యైనను, వైద్యుడు అందుబాటులో లేని కోట్లాది యిండ్లకు ఆ మేలు చేరినది.

ఎట్లు చేరినది? ధర తొలుత పది అణాలు. రూపాయికి పదునారు అణాలుండిన దినములవి. క్రొత్త మందును జనులు ఊరక నమ్మరని ఆయనకు తెలియును. అందుచేత సంగీతసభలలో ఉచితముగ పంచిపెట్టిరి. గంటల తరబడి కూర్చుండి పాట వినువానికి తల బరువెక్కుట సహజము. ఆ వేళ చేతికందిన లేపనము తన గుణమును తానే చాటుకొన్నది. పేరును కూడ విచారించి పెట్టిరి. అమృతము, అంజనము అను రెండు మాటలను పండితుడును, పామరుడును, ఏ భాషవాడైనను పలుకగలడు. కొద్ది సంవత్సరములలోనే ఆయన లక్షాధికారి అయిరి.

ఇంతవరకు జరిగినది ఒక సమర్థుడైన వర్తకుని కథ. ఇక మీదటి కథ వేరు.

1907లో సూరతు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు నాగేశ్వరరావుగారు వెళ్లిరి. దేశమంతట స్వాతంత్ర్య చింతన ప్రబలుచుండగా, దానిని తెలుగువారి ఇంటింటికి వారి భాషలో తెలుపు పత్రిక కావలెనని ఆయనకు దృఢముగ తోచినది. మరుసటి యేడు, 1908 సెప్టెంబరున, బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి. తెలుగుదేశమునకు అంత దూరమున తెలుగు అచ్చు కూర్చుట, ప్రతులను పంపుట ఎంత ప్రయాసయో ఊహించుడు. తరువాత మద్రాసునకు తరలివచ్చి, 1914 ఏప్రిల్ 1వ తేదీన దానిని దినపత్రికగ మార్చిరి. నెలలు గడువకమున్నే మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనది. యుద్ధవార్తలకై తెలుగు పాఠకులు ప్రతిదినము ఆ పత్రిక కొరకు ఎదురుచూచిరి.

దినపత్రికను నడుపుట ధనికులను సైతము దరిద్రులను చేయగల పని. కాగితము, సిరా, అచ్చుయంత్రములు, ఉద్యోగుల జీతములు, దొరతనమువారి ఆంక్షలు, వీనియన్నిటిని తట్టుకొనుటకు వెనుక ఒక ఆధారము కావలెను. ఆ ఆధారము అమృతాంజనము. మామిడితోటలు పెంచిన మీకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. నాటు టెంక మొలకకు వేరు బలము మెండు. దానిమీద చిన్నరసమో, బంగినపల్లియో అంటు కట్టుదురు. జనులు మెచ్చునది పండును. దానిని పోషించునది మట్టిలోని నాటువేరు. పంతులుగారి జీవితమున ఔషధవ్యాపారము ఆ వేరు; పత్రికలు, గ్రంథములు, దేశసేవ ఆ అంటుకు కాచిన పండ్లు.

1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిరి. శాసనములు, చరిత్ర, సాహిత్య విమర్శ, కవిత్వము అందు వెలువడినవి. అందు వ్యాసము ప్రకటింపబడుటయే పండితునకు గౌరవముగ భావింపబడెడిది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పి, ప్రాచీన గ్రంథములను, నూతన రచనలను సామాన్యులకు అందుబాటు ధరలకు అచ్చువేయించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మన జిల్లావారేయైన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ మాలలో వెలువడినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము 1923లో వారి మరణముతో ఆగిపోగా, ఆ బరువును కూడ పంతులుగారు తమ భుజముల మీద వేసికొనిరి. గ్రంథాలయోద్యమమునకు అండగ నిలిచిరి.

దాతలారా! మీరు శిథిలమైన ఆలయమును పునరుద్ధరించితిరి. తాళపత్రములు చెదపురుగుల పాలగుచుండిన కాలమున ఆయన చేసినదియు జీర్ణోద్ధరణమే. మనుజుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు అప్పులతో పుట్టునని వేదము చెప్పుచున్నది. యజ్ఞముచే దేవతల ఋణమును, సంతానముచే పితరుల ఋణమును, అధ్యయనముచే ఋషుల ఋణమును తీర్చవలెను. మొదటి రెండింటికి మనలో పూనుకొనువారు ఎప్పుడును కలరు. ఋషిఋణము మాత్రము తరచు మరువబడును. తాను చదువుటయే గాక, ఒక జాతి యంతయు చదువుకొనునట్లు చేసి ఆ ఋణమును తీర్చినవారు నాగేశ్వరరావుగారు.

ఇప్పుడు మొదటి సందేహమునకు రండు. స్మృతులు విద్యావంతుని వాణిజ్యమునకు దూరముగ ఉంచుటలో భయము దేనిని గూర్చి? లాభమునకు అలవాటుపడినవాడు అధ్యయనమును విడుచునని, తనకుగల విద్యను తూకమునకు అమ్మునని. సామాన్యముగ జరుగునదియు అదియే. పంతులుగారి విషయమున వ్యాపారము పెరిగినకొలది విద్యావ్యయము పెరిగినది. నిషేధము ఏ నష్టమును నివారింపదలచినదో ఆ నష్టము ఇచ్చట కలుగలేదు సరికదా, దానికి విపరీతమైన లాభము లోకమునకు కలిగినది. ఇది అందరికి వర్తించు మినహాయింపు కాదు. లాభమును విద్యకు వశము చేయగలిగినవానికి మాత్రమే చెల్లును.

రాజకీయరంగమునను ఆయన వెనుకంజ వేయలేదు. 1924 నుండి 1934 వరకుగల దశాబ్దమున ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు నాలుగు పర్యాయములు అధ్యక్షులైరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకేగిరి. లక్షలకు అధిపతియైన వాడు, అరువదియేండ్లు దాటినవాడు, కారాగృహమున కూర్చుండి చేసినదేమి? భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. ఫలమును ఆశింపక కర్తవ్యమును ఆచరింపుమను బోధకు భాష్యము వ్రాయుటకు అర్హత ఆయనకు అప్పటికే ఆచరణలో సిద్ధించియున్నది.

జనులు ఆయనను దేశోద్ధారకుడనియు, విశ్వదాత యనియు పిలిచిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1936లో అమృతాంజనము పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయినది. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసునగల ఆయన గృహము శ్రీబాగ్‌నందు కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై ఒడంబడిక చేసికొనిరి. విశ్వవిద్యాలయ కేంద్రములు, నదీజలములు, రాజధాని, ఉన్నత న్యాయస్థానము మొదలైనవానిని గూర్చిన ఆ శ్రీబాగ్ ఒడంబడిక నేటికిని మన చర్చలలో వినవచ్చుచునే యున్నది. అది జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11వ తేదీన, డెబ్బదియొకటవ యేట పంతులుగారు పరమపదించిరి. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల బాధ్యతను స్వీకరించిరి. మద్రాసు మైలాపూరున ఆయన పేర ఒక ఉద్యానవనము నేటికిని కలదు.

ఇక ఒక కఠిన సత్యమును చెప్పి ముగింతును. వెనుక వేరుగ నిలిచిన అమృతాంజనము నూటముప్పది యేండ్లు దాటియు నిలిచియున్నది. ఆయన ప్రాణప్రదముగ పెంచిన ఆంధ్రపత్రిక, భారతి నేడు వెలువడుట లేదు. దశాబ్దముల పాటు తెలుగుజాతిని తీర్చిదిద్ది అవి ఆగిపోయినవి. నొప్పి పోగొట్టు సీసాను జనులు తమ అవసరము కొరకు కొనుచునే యున్నారు. జ్ఞానము నిచ్చు పత్రికను నిలుపుటకు ఆయన వంటి ఆస్థ గలవారు ప్రతి తరమునను పుట్టవలెను. ఇది ఆయన లోపము కాదు. దానమునకుగల స్వభావమే అది. ఒకనాటి ఔదార్యము పునాది వేయగలదు గాని, నిత్యము దానికి నూనెపోయు చేయి వేరుగ ఉండవలెను.

దీనిని మన ఆలయమునకు అన్వయించుకొనుడు. గోపురమునకు సున్నము, శిఖరమునకు కలశము, గర్భాలయమునకు రాయి సమకూర్చితిరి. మీ పేర్లు శిలాఫలకముపై నిలుచును. కాని ఉదయము దీపము వెలుగవలెను, మధ్యాహ్నము నివేదన జరుగవలెను, వేదము నేర్చు బాలునకు అన్నము దొరకవలెను, వర్షము కురిసినప్పుడు పైకప్పు చూచువారుండవలెను. ఇవి ప్రతిష్ఠనాటి విరాళముతో తీరవు. ప్రతి యేడు కాపు అమ్మినపుడు కొంత తీసి ఉంచు గృహస్థుల వలననే తీరును. పంతులుగారు తమ సంపాదనను కూడబెట్టి చివరియందు ఒక్కసారి దానము చేసినవారు కారు. ఆర్జించుచున్నంత కాలము ఇచ్చుచునే యుండిరి. వారి జీవితమున మనము అనుసరింపదగినది ముఖ్యముగ ఇది.

ఇకమీదట తలనొప్పికి ఆ లేపనమును నుదుట రాచుకొనునప్పుడు, ఆ పరిమళములో ఒక దినపత్రిక, ఒక మాసపత్రిక, ఒక గ్రంథమాల, ఒక జాతి మేలుకొలుపు కలసియున్నవని తలచుడు. కృష్ణాతీరమున పుట్టిన ఆ మహనీయునకు నమస్కరించి, మీ మీ వృత్తులయందు మీకు ధర్మబద్ధమైన ఆర్జనను, దానిని వినియోగించు సద్బుద్ధిని స్వామి అనుగ్రహించుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.