జాన్ మోజెస్ బ్రౌనింగ్

జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855 - 1926) ప్రముఖ అమెరికన్ తుపాకుల రూపకర్త. ఈయన యూటాలోని ఆగ్డెన్‌లో జన్మించాడు. తండ్రి జోనాథన్ కూడా తుపాకుల తయారీదారుడే.

1879లో బ్రౌనింగ్ ఒకసారికి ఒకే తూటా పేల్చే రైఫిల్‌కు పేటెంటు పొందాడు. దీని మీటను కిందికి లాగితే గొట్టం వెనుకనున్న ఉక్కు దిమ్మె కిందికి జారి, తూటా పెట్టడానికి దారి ఇస్తుంది. 1883లో విన్‌చెస్టర్ కంపెనీ దీని హక్కులను కొని, 1885 నుండి అమ్మింది. నిర్మాణం చాలా దృఢమైనది కావడంతో 0.22 అంగుళాల చిన్న తూటా మొదలుకొని 0.50 అంగుళాల పెద్ద తూటా వరకు ఎన్నో రకాలకు ఈ నమూనాను తయారు చేయగలిగారు. అయితే ఒక్కొక్క తుపాకీ ఒక్కొక్క రకం తూటాకే పనికివస్తుంది. పైగా తొలినాటి తుపాకులు నల్లమందు కోసం చేసినవి. ఖాళీ తూటాలను తిరిగి నింపుకొనేవారు వాటిలో అధిక పీడనం కలిగించే పొగలేని మందును వాడితే తుపాకీ పగిలే ప్రమాదముంది.

బ్రౌనింగ్‌కు తరువాత పిస్తోళ్ళు, మెషిన్ గన్‌ల వలన మరింత పేరు వచ్చింది. 1926 నవంబరు 26న బెల్జియంలో పనిలో ఉండగానే గుండెపోటుతో మరణించాడు.