రాజబంధుత్వాలు విఫలమైన చోట

రాజ్యాల మధ్య శాంతికి పెళ్లి సంబంధాలే పునాది అని ఒకప్పటి యూరప్ రాజకుటుంబాలు నమ్మాయి. కానీ 1914లో యుద్ధానికి దిగినవారెవరు? జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్, ఇంగ్లండ్ రాజు ఐదవ జార్జ్ ఇద్దరూ విక్టోరియా రాణి మనవలు. రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ జార్జ్‌కు స్వయానా పిన్ని కొడుకు. ఆ కుటుంబంలోనే పుట్టి, అంతకంటే బలమైన బంధాన్ని కనుగొన్న ఒక స్త్రీని ఈ వారం మేము పాఠకులకు గుర్తు చేయాలనుకుంటున్నాము.

ఆమె ఎలిజబెత్. విక్టోరియా రాణి కూతురి కూతురు. 1864లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జన్మించారు. పద్నాలుగేళ్లకే తల్లిని కోల్పోయారు. 1884లో రష్యా చక్రవర్తి తమ్ముడైన సెర్గేయ్‌ను వివాహమాడారు. పదేళ్లకు ఆమె చెల్లెలు అలిక్స్ నికొలస్‌ను పెళ్లాడి ఆ బావగారి ఇంటికే కోడలైంది. అక్క విక్టోరియా భర్త బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. చెల్లెలు ఐరీన్ భర్త జర్మన్ చక్రవర్తి తమ్ముడు. ఒక్క తల్లి పిల్లలు మూడు రాజ్యాలలో స్థిరపడ్డారు.

1905 ఫిబ్రవరిలో మాస్కోలో కల్యాయెవ్ అనే విప్లవకారుడు విసిరిన బాంబుకు సెర్గేయ్ బలయ్యారు. ఛిద్రమైన భర్త శరీర భాగాలను ఎలిజబెత్ తన చేతులతోనే పోగుచేశారు. కొద్ది రోజులకే చెరసాలకు వెళ్లి, ఆ హంతకునికి క్షమాపణ అందించి, పశ్చాత్తాపపడమని బతిమాలారు. అతడు మారలేదు, ఉరికంబమెక్కాడు. అతడు మారలేదని ఆమె క్షమ వృథా అయిందా? కాలేదని ఆమె శేషజీవితమే సాక్ష్యమిస్తోంది.

ఆమె తన నగలను వదులుకున్నారు. 1909లో మాస్కోలో మార్త, మరియల పేరిట ఒక మఠాన్ని స్థాపించారు. ప్రభువు పాదాల చెంత కూర్చున్న మరియ ప్రార్థన, పనిచేసిన మార్త పరిచర్య ఒకే చోట కలవాలన్నది ఆమె ఆశ. అక్కడ పేదలకు ఉచిత వైద్యం, అనాథ బాలికలకు ఆశ్రయం దొరికాయి. మాస్కో మురికివాడ ఖిత్రోవ్కాకు ఆమె స్వయంగా వెళ్లేవారు.

యుద్ధం వచ్చింది. ఐరీన్ భర్త బాల్టిక్ సముద్రంలో రష్యాకు ఎదురు నిలిచాడు. విక్టోరియా భర్త జర్మన్‌గా పుట్టినందుకు బ్రిటిష్ నౌకాదళ అధిపతి పదవి వదులుకోవలసి వచ్చింది. మాస్కో జనం ఎలిజబెత్‌ను జర్మన్ గూఢచారి అని నిందించారు. ఆమె రోగుల మంచాలను విడిచి వెళ్లలేదు.

1918 జులైలో, చెల్లెలి కుటుంబం హతమైన మరునాటి రాత్రి, అలపాయెవ్‌స్క్ దగ్గర ఒక గనిగోతిలో ఎలిజబెత్‌ను సజీవంగా పడవేశారు. వెళ్లిపోయే అవకాశమున్నా ఆమెను విడువని వర్వారా అనే సహోదరి కూడా ఆమెతోపాటే హతసాక్షి అయింది. చైనా మీదుగా తరలించిన వారి దేహాలు నేడు యెరూషలేములో, ఒలీవ కొండ వాలున ఉన్న మగ్దలేనే మరియ ఆలయంలో విశ్రమిస్తున్నాయి.

ప్రియ పాఠకులారా, మనమూ పెళ్లి సంబంధాలు వెదికేటప్పుడు వంశం, హోదా, ఆస్తి చూస్తాము. అవి కుటుంబాలను కలుపుతాయనుకుంటాము. అయితే తగాదా వచ్చిన రోజున, చెరసాల గుమ్మం దాకా వెళ్లగల క్షమ ఆ ఇంట్లో ఉందా? ఆ రాజకుటుంబాలలో చుట్టరికానికి కొదువ లేదు. కొదువైనది ఆ క్షమయే. సిలువ దగ్గర ఏర్పడిన బంధుత్వమే ఎలిజబెత్‌ను చివరి వరకు నిలబెట్టింది. మన ఇళ్లనూ అదే నిలబెట్టును గాక.