ఆనందవనపు అన్నదాత బాబా ఆమ్టే

ఖాజీపేట నుండి ఉత్తరాదికి సాగే రైలు బల్లార్షా, చంద్రపూర్, మాజ్రీ దాటిన పిమ్మట వరోరా చేరుతుంది. బొగ్గు గనులకు, కాగితపు మిల్లుకు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి చంద్రపూర్ జిల్లాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు కొత్త కాదు. పత్తి, జొన్న, కంది పండే సీమ ఇది. ఈ ఊరి పొలిమేరలో, ఎవరూ ఆశించని రాతినేలలో పండిన కాయగూరలను విద్యార్థుల భోజన పంక్తి వరకు చేర్చిన మహనీయుడు బాబా ఆమ్టే. ఆ పొలానికీ ఊరికీ నడుమ దూరం స్వల్పమే. ఆ పంటను ఊరు తన ఇంట వండుకోవడానికి మాత్రం సంవత్సరాలు పట్టింది.

ఆయన అసలు పేరు మురళీధర్ దేవీదాస్ ఆమ్టే. 1914 డిసెంబరు 26న వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. బాబా అన్నది తల్లిదండ్రులు ముద్దుగా పిలిచిన పేరే గాని, సన్యాసం వలన వచ్చిన బిరుదు కాదు. బాల్యం భోగభాగ్యాల నడుమ గడిచింది. నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి, వరోరాలో వకీలుగా స్థిరపడ్డారు. వరోరా చేరువలోని గోరజ గ్రామంలో కుటుంబానికి విస్తారమైన భూములుండేవి. 1942 ఉద్యమకాలంలో నిర్బంధితులైన నాయకుల పక్షాన వాదించేందుకు న్యాయవాదులను కూడగట్టి తానూ చెరసాలకు వెళ్లారు. గాంధీజీ సాంగత్యం, సేవాగ్రామ జీవితం ఆయన దృష్టిని కక్షిదారుల కాగితాల నుండి మట్టి మీదకు మళ్లించాయి. 1946 డిసెంబరులో ఇందు ఘులే శాస్త్రిని వివాహమాడారు. సాధనాతాయిగా లోకమెరిగిన ఆ ఇల్లాలు లేనిదే తరువాతి కథ లేదు.

వరోరా పురపాలక సంఘానికి ఉపాధ్యక్షులుగా ఉన్న రోజులలో పాకీపనివారు సమ్మె చేయగా, ఆమ్టే స్వయంగా మలాన్ని గంపలకెత్తి మోశారు. ఒక వర్షపు సాయంకాలం ఆ పనిమీదనే వెళుతుండగా దారి ప్రక్కన, కుష్ఠుతో కాళ్లు చేతులు కరిగిపోయి, అవసాన దశలో పడివున్న తుల్సీరామ్ కనిపించాడు. ఎవరికీ జంకని ఆమ్టే ఆనాడు భయపడి పారిపోయారు. ఈ సంగతిని ఆయన జీవితాంతం దాచుకోలేదు. తిరిగి వెళ్లి ఆ అభాగ్యుడు కన్నుమూసే వరకు పరిచర్య చేశారు. అటుపిమ్మట 1949లో కలకత్తా ఉష్ణమండల వ్యాధుల వైద్యవిద్యాలయంలో కుష్ఠుచికిత్స అభ్యసించారు. అక్కడ పరిశోధన నిమిత్తం తన శరీరంలోనే ఆ వ్యాధి క్రిములను ఎక్కించుకోవడానికి ముందుకు వచ్చారు. వ్యాధి ఆయనకు అంటలేదు.

అదే సంవత్సరం మహారోగి సేవాసమితి ఏర్పడింది. ప్రభుత్వం యాభై ఎకరాల నేలనిచ్చింది. నేల అనడం మర్యాద మాత్రమే. అది రాళ్లు, ముళ్లపొదలు, తేళ్లు, పాములు గల అడవి. 1951లో ఆమ్టే దంపతులు, పసివారైన కుమారులు వికాస్, ప్రకాశ్, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, చేతిలో పద్నాలుగు రూపాయలతో అక్కడ కాపురం మొదలయింది. ఆ సంవత్సరమే వినోబా భావే ప్రారంభించిన ఆ స్థలానికి ఆనందవనమని పేరు పెట్టారు. మొదటి అవసరం నీరు. స్పర్శజ్ఞానం లేని చేతులతో, గాయాలు తగిలినా తెలియని చేతులతో, ఆ రోగులే బండరాతిని పగులగొట్టి బావి త్రవ్వారు. నీరు పడిన తరువాత జొన్న, పప్పుధాన్యాలు, కూరగాయలు వేశారు. చందాలతో రోగులను పోషించే ఆశ్రమాలు దేశంలో ఉన్నాయి. ఆమ్టే కోరినది అది కాదు. దానం మనిషిని కుంగదీస్తుందని, పని నిలబెడుతుందని ఆయన విశ్వాసం.

మూడు నాలుగు సంవత్సరాలలో పంట తమ అవసరానికి మించి వచ్చింది. అసలు పరీక్ష అక్కడ మొదలయింది. తాజా కూరగాయలు, పాలు వరోరా ఊరికి చేర్చగా కొనేవారు లేకపోయారు. కుష్ఠురోగులు తాకిన వంకాయను ఏ తల్లి తన బిడ్డకు వండిపెడుతుంది? ఆ తల్లులను తప్పుపట్టడం నేడు సులభమే. ఈ వ్యాధి ఆహారం ద్వారా అంటదని, అధికసంఖ్యాకులకు సహజంగానే దీనిని తట్టుకొనే శక్తి ఉంటుందని, మందు వాడుతున్న రోగి వలన ప్రమాదం లేదని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆనాడు ఆ జ్ఞానం ఊరిలోకి రాలేదు. వచ్చినా, భయం ఉపన్యాసాలతో పోయేది కాదు. ఆమ్టే ఊరితో వాదానికి దిగలేదు. ఆ పొలంలో పండిన అన్నమే తన ఇద్దరు బిడ్డలకు పెట్టారు. సాధనాతాయి ఆవులను చూసుకుంటూ, పాలు పితుకుతూ, వంటశాల నడుపుతూ ఆ బిడ్డలను రోగుల మధ్యనే పెంచారు. ఆనందవనపు పంట తిని పెరిగిన మొదటి బడిపిల్లలు వారే. తరువాతి కాలంలో ఆ ఇద్దరూ వైద్యులై, తండ్రి పనినే చేపట్టారు.

అటుపై అంతర్జాతీయ సేవాసంస్థ సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ తరఫున వివిధ దేశాల యువతీయువకులు ఆనందవనానికి వచ్చారు. కొన్ని నెలలుండి ఆసుపత్రి భవనాలు కట్టారు. వారు రోగులతో కలిసి పనిచేశారు, రోగులు పండించినది భుజించారు. సముద్రాలు దాటి వచ్చినవారు తినగలిగినది తామెందుకు తినరాదన్న ఆలోచన వరోరావాసులలో అప్పుడు కలిగింది. మెల్లగా ఊరివారు రావడం, చూడడం, కొనడం ఆరంభమయింది. విదేశీయులు రానిదే ఆ గడప కరగలేదన్నది కొంత చివుక్కుమనిపించే సత్యమే.

1964లో ఆనందనికేతన్ కళాశాల వెలసింది. మరుసటి సంవత్సరం వ్యవసాయ కళాశాల. ఈ భవనాల నిర్మాణంలో చెమటోడ్చినది వ్యాధి నుండి కోలుకున్న శ్రామికులే. నిన్నటిదాకా ఆ దారిన నడవని ఊరివారి పిల్లలు చదువుకోసం ఆనందవనానికి రాసాగారు. ఆ దశాబ్దంలోనే అంధబాలురకు పాఠశాల, అటు తరువాత బధిరులకు పాఠశాల ఏర్పడ్డాయి. ఉమ్మడి వంటశాలలో ఆ విద్యార్థులకూ, వృద్ధులకూ, రోగులకూ వండే అన్నం ఒక్కటే. ధాన్యం, పప్పు, ఆకుకూర, పాలు వీలైనంతవరకు సొంత పొలాలవి, సొంత పశువులవి. 1967లో మూల్ తాలూకా సోమనాథ్ వద్ద అడవి నేలను సాగులోకి తెచ్చిన పిమ్మట అక్కడి వరి కూడా ఆ వంటశాలకు చేరింది. 1973లో భామ్రాగఢ్ దాపున హేమల్‌కసలో మాడియా గోండుల కొరకు లోక్ బిరాదరీ ప్రకల్పాన్ని నెలకొల్పి, కుమారుడు ప్రకాశ్‌కు, కోడలు మందాకినికి అప్పగించారు. 1976లో అక్కడ ఆశ్రమ పాఠశాల ప్రారంభమయింది.

ప్రాథమిక పాఠశాలలకు కేంద్ర ప్రభుత్వపు మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న వచ్చింది. వండిన అన్నమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బడితోటలు పెంచాలని, స్థానికంగా పండినవాటిని వాడాలని ఆ తరువాతి మార్గదర్శకాలు చెబుతున్నాయి. దూరపు గిడ్డంగుల నుండి వచ్చే బస్తాకంటె చేరువ పొలపు ఆకుకూర మేలన్నది నిర్వివాదాంశం. అయితే చేరువలో పండించిన చేతులు ఎవరివి, వండిన చేతులు ఎవరివి అన్న ప్రశ్న ఎన్నో ఊళ్లలో బడి పంక్తిని చీల్చింది; దళిత స్త్రీ వండిన అన్నాన్ని పిల్లలచేత మాన్పించిన సంఘటనలు ఈ శతాబ్దంలోనూ జరిగాయి. వరోరా ఆ ప్రశ్నను అర్ధశతాబ్దం ముందే ఎదుర్కొన్నది.

వెన్నెముక వ్యాధి వలన ఆమ్టే తన ఉత్తరవయస్సులో కూర్చోలేకపోయారు. నిలబడడమో, పడుకోవడమో తప్ప గత్యంతరం లేదు. ఆ స్థితిలోనే 1985లో కన్యాకుమారి నుండి కాశ్మీరం వరకు భారత్ జోడో యాత్ర సాగించారు. అదే ఏడు రామన్ మెగసెసే, 1986లో పద్మవిభూషణ్, 1990లో టెంపుల్టన్ పురస్కారం, 1999 సంవత్సరానికి గాంధీ శాంతి బహుమతి లభించాయి. 1990లో ఆనందవనాన్ని విడిచి, నర్మదానదీ తీరాన కసరావద్ చేరి, ఆనకట్టల నిర్వాసితుల నడుమ సుమారు దశాబ్దకాలం నివసించారు. చివరిరోజులకు తిరిగి వరోరా చేరారు. 2008 ఫిబ్రవరి 9న, తొంభైమూడేళ్ల వయస్సులో, ఆనందవనంలో కన్నుమూశారు. ఆయన అభీష్టాన్ని అనుసరించి పార్థివ దేహాన్ని దహనం చేయక, ఆ నేలలోనే ఖననం చేశారు.