స్పేమన్, ఒక కప్ప, గ్రహణం

మా నక్కపల్లి వైపు బిడ్డ కంటి లోపంతో పుడితే, గ్రహణం వేళ బయట తిరిగుంటుందని తల్లినే అంటారు. చిన్నప్పుడు నేనూ నమ్మేశాను. హాన్స్ స్పేమన్ గురించి చదివాక ఆ నమ్మకం పోయింది.

ఆయన 1869లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టారు. తండ్రిది పుస్తకాల వ్యాపారం. కొన్నాళ్లు అందులోనే పనిచేశారు. 1896-97 చలికాలంలో క్షయతో విశ్రాంతి తీసుకుంటూ వైజ్‌మన్ రాసిన వంశపారంపర్యం పుస్తకం చదివారు. పిండం ఎలా తయారవుతుందన్న ప్రశ్న అక్కడే పట్టుకుంది.

1901లో ఆయన కప్ప పిండంలో కన్ను మొలిచే భాగాన్ని వేడి సూదితో కాల్చేశారు. పైచర్మం అలాగే ఉంది, కానీ లెన్స్ రాలేదు. అంటే మెదడు నుంచి వచ్చే కంటి మొగ్గ పిలిస్తేనే చర్మం లెన్స్‌గా మారుతుంది. మా కోడింగ్‌లో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని కాల్ చేసినట్టు! తర్వాత ఇంకో జాతి కప్పలో ఆ పిలుపు లేకుండానే లెన్స్ వచ్చింది. ఆయన ఆ సంగతీ దాచలేదు. పిండంపై చేసిన పరిశోధనలకి 1935లో నోబెల్ వచ్చింది. 1941లో చనిపోయారు.

ఆ పిలుపు అందుకోవాలంటే చర్మంలో పాక్స్6 అనే జన్యువు పనిచేయాలని తర్వాత ఎలుకల్లో తేలింది. దాని రెండు కాపీలూ పాడైతే ఎలుకపిల్లకి కళ్లే ఏర్పడవు. మనుషుల్లో ఒక్క కాపీ పాడైనా కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం సరిగా రాదు. కొందరిలో ఆ మార్పు అమ్మానాన్నల్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది.

ఈసారి ఊళ్లో ఎవరైనా ఏ తల్లినైనా ఆ మాటంటే ఊరుకోను. కూర్చోబెట్టి ఈ కప్ప కథ చెప్తాను.